ట్రస్టు స్థలం అమ్మితే లాభం ఎవరిది, నష్టం ఎవరిది?

చదివే మిగతావాళ్లకి కూడా అర్థం కావాలి కాబట్టి, మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెబుతాను. మీ నాన్నగారు 1989లో గుంటూరులో 400 గజాల స్థలం 60 వేలకి కొన్నారు. 2012లో ఆ స్థలాన్నీ కొన్ని షేర్లనీ ఒక ట్రస్టు డీడ్ రాసి, రిజిస్టరు చేయించి అందులో పెట్టారు. ట్రస్టీ మీరు. లబ్ధిదారులు ఇద్దరు: డాలస్‌లో ఉంటున్న మీ చెల్లెలు, చిన్నప్పటి నుంచీ మేధో వైకల్యం ఉన్న మీ తమ్ముడు. నాన్నగారు 2021లో పోయారు. 2025 డిసెంబరు 20న స్థలాన్ని కోటీ ఇరవై లక్షలకి అమ్మి రిజిస్ట్రేషన్ చేశారు. అదే ఆర్థిక సంవత్సరంలో ట్రస్టు షేర్లు అమ్మితే 6 లక్షల షార్ట్ టర్మ్ నష్టం (కొద్దికాలమే ఉంచుకున్నవాటి మీద), 3 లక్షల లాంగ్ టర్మ్ నష్టం (ఎక్కువ కాలం ఉంచుకున్నవాటి మీద) వచ్చాయి. ఇది డిస్క్రీషనరీ ట్రస్టు కాబట్టి లాభం మొత్తం మీద 42 శాతం దాకా పడుతుందని ఎవరో చెప్పారు, అప్పటి నుంచి మీకు నిద్ర లేదు. చెల్లెలు వాటా నష్టాన్ని ఆమె వాడుకోవచ్చా, నాన్నగారి రిటర్నుల్లో మిగిలిపోయిన పాత నష్టాలు ట్రస్టుకి వస్తాయా అని కూడా అడిగారు.

ముందు టెన్షన్ తగ్గించుకోండి. ఆ 42 శాతం మాట ఈ లాభానికి వర్తించదు. ఎందుకో చెబుతాను.

మన ఆదాయపు పన్ను చట్టం ప్రైవేటు ట్రస్టుని కంపెనీలాగా ఒక విడి మనిషిగా చూడదు. ట్రస్టీని లబ్ధిదారుడి తరఫున నిలబడ్డ ప్రతినిధిగా చూస్తుంది. 1961 చట్టం 161వ సెక్షన్ చెప్పేది ఇదే: లబ్ధిదారుడి మీద ఏ విధంగా, ఎంత మేరకు పన్ను పడుతుందో ట్రస్టీ మీద కూడా ఆ విధంగానే, అంత మేరకే పడుతుంది. ఎవరికి ఎంత అని డీడ్‌లో తేలిపోయి ఉంటే అది స్పెసిఫిక్ ట్రస్టు. ఎవరికెంత ఇవ్వాలో ట్రస్టీ ఇష్టానికి వదిలేస్తే అది డిస్క్రీషనరీ. దానికి 164వ సెక్షన్ వర్తిస్తుంది, గరిష్ఠ రేటు అనే గొడవ అక్కడే మొదలవుతుంది. (2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. సెక్షన్ల నంబర్లు అందులో మారాయి. మీ అమ్మకం దానికి ముందే జరిగింది కాబట్టి నేను పాత నంబర్లే వాడుతున్నాను.)

చాలామంది పొరపాటు పడే చోటు ఒకటుంది. డీడ్‌లో 'విచక్షణ' అన్న మాట ఒక్కసారి కనపడగానే మొత్తం ట్రస్టుకి డిస్క్రీషనరీ అని ముద్ర వేసేస్తారు. చట్టం అలా అనలేదు. 164(1)లో 'ఆదాయం లేదా అందులో కొంత భాగం' అన్న మాటలున్నాయి. వాటా తేలని భాగానికి ఒక పద్ధతి, తేలిన భాగానికి ఇంకో పద్ధతి. మీ డీడ్‌లోంచి మీరు టైప్ చేసి పంపిన రెండు పేరాలనీ పక్కపక్కన పెట్టి చూడండి. ఏడో పేరా: 'ట్రస్టు ఆస్తిపై వచ్చు అద్దెలు, వడ్డీ, డివిడెండ్లు నా కుమార్తె, చిన్న కుమారుల పోషణ, వైద్యము నిమిత్తము ట్రస్టీలు తమకు యుక్తమని తోచిన నిష్పత్తిలో వెచ్చించవలెను.' పదకొండో పేరా: 'స్థిరాస్తి గాని, షేర్లు గాని విక్రయించిన ఎడల వచ్చిన సొమ్ము ఇరువురికి చెరిసగముగా చెందవలెను.'

ఏడో పేరా డిస్క్రీషనరీ, అందులో అనుమానం లేదు. కానీ మీరు అమ్మింది స్థలం. అమ్మకం సొమ్ము సంగతి పదకొండో పేరా చూసుకుంటుంది, అక్కడ చెరిసగం అని స్పష్టంగా రాసి ఉంది. 164కి ఉన్న వివరణ అడిగేది కూడా అదే: లబ్ధిదారుల పేర్లు, వాటాలు డీడ్‌లోనే స్పష్టంగా ఉండాలి, డీడ్ రాసిన రోజుకే తేలి ఉండాలి. మీ దాంట్లో రెండూ ఉన్నాయి. కాబట్టి నా లెక్కలో మూలధన లాభం (ఆస్తి అమ్మితే వచ్చే లాభం) వరకు మీది స్పెసిఫిక్ ట్రస్టు, బ్యాంకు వడ్డీ వరకు డిస్క్రీషనరీ. అసెసింగ్ ఆఫీసర్ ఒకసారి వాదించవచ్చు. వాదించనివ్వండి, పదకొండో పేరా మీ చేతిలో ఉంది. ఈ పేరా రాసిన లాయరెవరో గానీ, ఆయనకి దణ్ణం పెట్టాలి. నేను చూసే డీడ్లలో పదికి తొమ్మిదింట్లో అమ్మకం సొమ్ము గురించి ఒక్క ముక్క ఉండదు.

మిగతా పాఠకులకి ఒక హెచ్చరిక. 'ట్రస్టు ముగిసేనాటికి జీవించి ఉన్నవారికి సమానంగా' అని రాసి ఉంటే వాటా ఈ రోజు తేలినట్టు కాదు. అది వేరే కథ.

ఇక ధర. 2012లో నాన్నగారు స్థలాన్ని రద్దు చేయడానికి వీల్లేని ట్రస్టులో పెట్టినప్పుడు అది పన్ను దృష్టిలో అమ్మకం కాదు, 47(iii) ప్రకారం. దాంతో నాన్నగారి ధరా, ఆయన పట్టుకున్న కాలమూ రెండూ ట్రస్టుకి సంక్రమిస్తాయి (సెక్షన్ 49). అంటే ట్రస్టు ఈ స్థలాన్ని 2012 నుంచి కాదు, 1989 నుంచీ పట్టుకున్నట్టు లెక్క. 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్నది కాబట్టి 60 వేల బదులు ఆ తేదీ నాటి మార్కెట్ విలువ తీసుకోవచ్చు, కానీ స్థలాలకీ ఇళ్లకీ అది ఆనాటి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు విలువని దాటకూడదు. 2001 నాటి మార్కెట్ వాల్యూ సర్టిఫికెట్ కోసం అర్జీ పెట్టారని రాశారు, మంచి పని. అందులో గజం 2,000 అని వచ్చింది కాబట్టి 400 గజాలకి 8 లక్షలు. ఆ కాగితం ఒరిజినల్ జాగ్రత్తగా దాచండి. స్క్రూటినీ వస్తే అడిగే మొదటి కాగితం అదే.

లాభం: 1,20,00,000 లోంచి 8,00,000 తీసేస్తే 1,12,00,000. 2024 జులై 23 నుంచి అమ్మినవాటికి రేటు 12.5 శాతం, ఇండెక్సేషన్ (కొన్న ధరని ద్రవ్యోల్బణం మేరకు పెంచి లెక్కించడం) లేదు. ఆ తేదీకి ముందు కొన్న స్థలాలకి రెసిడెంట్ వ్యక్తులు, హెచ్‌యూఎఫ్‌లు (హిందూ అవిభక్త కుటుంబాలు) పాత పద్ధతి, అంటే ఇండెక్సేషన్‌తో 20 శాతం, లెక్కగట్టి ఏది తక్కువైతే అది కట్టవచ్చు. ట్రస్టీకి ఆ వెసులుబాటు ఉందా లేదా అన్నది వాదన. మీకు ఆ వాదనతో పనే లేదు, లెక్క చూడండి. 2025-26 ఇండెక్స్ 376, అంటే 8 లక్షలు 30,08,000 అవుతుంది. మిగిలిన 89,92,000 మీద 20 శాతం 17,98,400. ఇండెక్సేషన్ లేకుండా 12.5 శాతం అయితే 14,00,000. కొత్త పద్ధతే మేలు. ఇదే స్థలం దాదాపు 67 లక్షల లోపు పోయి ఉంటే పాత పద్ధతి గెలిచేది. అప్పుడు మాత్రం తమ్ముడి వాటాకి దాన్ని అడగమనేవాణ్ణి, చెల్లెలి వాటాకి ఎలాగూ రాదు, ఆమె రెసిడెంట్ కాదు కదా.

నష్టాల సంగతి. షార్ట్ టర్మ్ నష్టాన్ని ఏ మూలధన లాభంలోంచైనా తీసేయవచ్చు. లాంగ్ టర్మ్ నష్టాన్ని లాంగ్ టర్మ్ లాభంలోంచే తీయాలి. జీతంలోంచో, అద్దెలోంచో, వడ్డీలోంచో తీయడానికి వీల్లేదు. మీకు ఎదురుగా ఉన్నది లాంగ్ టర్మ్ లాభమే కాబట్టి రెండు నష్టాలూ పనికొస్తాయి: 1,12,00,000 లోంచి 9,00,000 పోతే 1,03,00,000. నష్టం మిగిలిపోయి ఉంటే ఎనిమిది అసెస్‌మెంట్ సంవత్సరాలు ముందుకి తీసుకెళ్లవచ్చు, కానీ ఆ సంవత్సరం రిటర్ను గడువులోపల వేసి ఉండాలి. ఒక్కరోజు ఆలస్యమైనా నష్టం ముందుకి పోదు. ఒక కుటుంబ ట్రస్టులో 11 లక్షల నష్టం ఇలా గాలికి పోవడం నా కళ్లారా చూశాను. ట్రస్టీగారు అమ్మాయి పెళ్లి హడావిడిలో ఉండి, పోర్టల్లో సబ్మిట్ కొట్టి, వెరిఫై చేయడం మర్చిపోయారు.

నాన్నగారి పాత నష్టాలు మాత్రం ట్రస్టుకి రావు. ఆస్తితోపాటు ఆయన ధర వస్తుంది, ఆయన పట్టుకున్న కాలం వస్తుంది, ఆయన సొంత రిటర్నులోని మూలధన నష్టం ఆయనతోనే ఆగిపోతుంది. చాలామందికి ఇది అన్యాయంగా తోస్తుంది. కానీ ముందుకి తీసుకెళ్లే హక్కు నష్టపోయిన వ్యక్తిది, ఆస్తిది కాదు.

ట్రస్టులో వచ్చిన నష్టం చెల్లెలికి చేరుతుందా అన్నదానికి జవాబు మళ్లీ పదకొండో పేరాలోనే ఉంది. షేర్ల అమ్మకం సొమ్ము కూడా చెరిసగం కాబట్టి నష్టమూ చెరిసగం, ఒక్కొక్కరికి 4,50,000. పూర్తి డిస్క్రీషనరీ ట్రస్టు అయితే ఆ నష్టం ట్రస్టు కడుపులోనే ఉండిపోతుంది. లబ్ధిదారుడు దాన్ని తన రిటర్నులోకి లాక్కోలేడు, ట్రస్టుకే మళ్లీ లాభం వచ్చే దాకా ఆగాల్సిందే.

ఇప్పుడు పన్ను. స్పెసిఫిక్‌గా లెక్కిస్తే ఒక్కొక్కరి వాటా 51,50,000.

చెల్లెలు నాన్ రెసిడెంట్ కాబట్టి, ఇక్కడ వేరే ఆదాయం లేకపోయినా బేసిక్ ఎగ్జెంప్షన్‌ని (పన్ను పడని కనీస పరిమితిని) ఈ లాభంతో సర్దుబాటు చేసుకోలేదు. 12.5 శాతం అంటే 6,43,750. ఆదాయం 50 లక్షలు దాటింది కాబట్టి 10 శాతం సర్‌చార్జి (పన్ను మీద అదనపు పన్ను) 64,375. దాని మీద 4 శాతం సెస్సు. మొత్తం 7,36,450.

తమ్ముడు రెసిడెంట్, వేరే ఆదాయం లేదు. కొత్త పన్ను విధానంలో 4 లక్షల కనీస పరిమితిని ఈ లాభంలోంచి తీయవచ్చు. 47,50,000 మీద 5,93,750, సర్‌చార్జి 59,375, సెస్సుతో కలిపి 6,79,250. ఇద్దరిదీ కలిపితే 14,15,700.

అదే మొత్తాన్ని డిస్క్రీషనరీ అనుకుని లెక్కిద్దాం. 1,03,00,000 మీద 12.5 శాతం 12,87,500. కోటి దాటింది కాబట్టి సర్‌చార్జి 15 శాతం, 1,93,125. సెస్సుతో 15,39,850. తేడా 1,24,150. మీ నిద్ర చెడగొట్టిన విషయం విలువ అంతే! డిస్క్రీషనరీ ట్రస్టు అయినా లాంగ్ టర్మ్ లాభానికి 112వ సెక్షన్ ప్రత్యేక రేటే పడుతుందని ట్రిబ్యునళ్లు ఒప్పుకుంటూ వచ్చాయి. ఈ రకం లాభాల మీద సర్‌చార్జికి కూడా 15 శాతం పైపరిమితి ఉంది.

42 అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చిందంటే, పాత పన్ను విధానంలో 30 శాతం పన్నుకి 37 శాతం సర్‌చార్జి, 4 శాతం సెస్సు కలిపితే 42.744. కొత్త విధానంలో సర్‌చార్జి 25 శాతానికి ఆగుతుంది కాబట్టి 39. డిస్క్రీషనరీ ట్రస్టుకి వడ్డీ రెండు లక్షలొచ్చినా 39 శాతం కట్టమని బెంగళూరు సీపీసీ (రిటర్నులు ప్రాసెస్ చేసే ఆదాయపు పన్ను కేంద్రం) నుంచి నోటీసులు వచ్చేవి. 2025 ఏప్రిల్‌లో ఆదాయపు పన్ను ట్రిబ్యునల్ ముంబయి స్పెషల్ బెంచ్ దీన్ని తేల్చింది: గరిష్ఠ రేటు అంటే గరిష్ఠ పన్ను రేటే, సర్‌చార్జి మాత్రం ఆదాయం ఆ మెట్టు దాటినప్పుడే. అంటే 5 లక్షల వడ్డీ మీద 1,95,000 కాదు, 31.2 శాతం చొప్పున 1,56,000. మీకు పాత సంవత్సరాల్లో అలాంటి డిమాండ్లు వచ్చి ఉంటే బయటికి తీసి చూడండి.

మీ ఏడో పేరా వడ్డీకి ఇంకో దారి కూడా ఉంది. లబ్ధిదారుల్లో ఎవరికీ ఈ చట్టం కింద పన్ను పడే వేరే ఆదాయం కనీస పరిమితి దాటి లేకపోతే, వాళ్లు ఇంకో ట్రస్టులో లబ్ధిదారులు కాకపోతే, గరిష్ఠ రేటు బదులు మామూలు శ్లాబులే వర్తిస్తాయి. 'ఈ చట్టం కింద' అన్న మాట గమనించండి. మీ చెల్లెలి డాలస్ జీతం మన చట్టం కింద పన్ను పడే ఆదాయం కాదు. ఆమెకి ఇక్కడ అద్దెలో, డిపాజిట్లో లేకపోతే ఈ వెసులుబాటు మీకు దొరకాలి. అయితే ఈ స్థలం లాభంలో ఆమె వాటాని 'వేరే ఆదాయం' అని ఆఫీసరు అనే ప్రమాదం ఈ ఒక్క సంవత్సరానికి ఉంది, కాబట్టి ఈసారి వడ్డీకి గరిష్ఠ రేటు కట్టేసి, వచ్చే ఏడాది నుంచి అడగండి.

పన్ను తగ్గించుకునే దారుల్లో మీరు అమ్మిన సొమ్ముతో ఫ్లాటు కొనడం గురించే ఎక్కువ అడిగారు. ఇల్లు కొంటే మినహాయింపు ఇచ్చే 54ఎఫ్ సెక్షన్ వ్యక్తులకీ, హెచ్‌యూఎఫ్‌కీ మాత్రమే. స్పెసిఫిక్ ట్రస్టు ట్రస్టీ తన లబ్ధిదారుడి బూట్లలో నిలబడి ఇంటి మినహాయింపు అడగవచ్చని బొంబాయి హైకోర్టు 1999లో 54వ సెక్షన్ కింద ఒప్పుకుంది. కాబట్టి వాదనకి బలముంది. కానీ 54ఎఫ్‌లో లాభం కాదు, అమ్మకం సొమ్ము మొత్తం పెట్టాలి. అమ్మిన తేదీ నుంచి రెండేళ్లలో కొనాలి, లేదా మూడేళ్లలో కట్టాలి. తమ్ముడి అరవై లక్షలూ ఒక ఫ్లాటులో ఇరికిస్తే రేపు ఆయన వైద్యానికీ, చూసుకునే మనిషి జీతానికీ మీరు ఎక్కడి నుంచి తెస్తారు? నాకైతే బాండ్లే మేలనిపిస్తుంది.

స్థలం లాభం పెడితే పన్ను మినహాయింపు ఇచ్చే 54ఈసీ బాండ్లు (ఆర్‌ఈసీ, పీఎఫ్‌సీ, ఐఆర్‌ఎఫ్‌సీ లాంటి ప్రభుత్వ సంస్థలవి) ట్రస్టయినా, ఎవరైనా కొనవచ్చు. పరిమితి 50 లక్షలు, లాకిన్ ఐదేళ్లు, వడ్డీ 5.25 శాతం. అమ్మిన తేదీ నుంచి ఆరు నెలలు, అంటే మీకు జూన్ 19 లోపు. ఆఖరి వారం దాకా ఆగకండి, అప్లికేషన్ ఇచ్చిన తేదీకీ డబ్బు జమ అయిన తేదీకీ మధ్య తగాదాలొస్తాయి. ట్రస్టు పాన్ మీద 50 లక్షలు తమ్ముడి వాటా కింద కొనండి. ఆ సంగతి ట్రస్టు మినిట్స్ పుస్తకంలో తీర్మానంగా రాసి సంతకం పెట్టండి. లెక్క ఇలా వస్తుంది: ఆయన వాటా లాభం 56 లక్షలు, బాండ్లు 50 తీస్తే 6 లక్షలు, నష్టం 4.5 లక్షలు తీస్తే 1.5 లక్షలు. అది 4 లక్షల పరిమితి లోపలే. పన్ను సున్నా. వరస గమనించండి, మినహాయింపు ముందు, నష్టం తర్వాత. ఏటా 2,62,500 వడ్డీ కూడా వస్తుంది. మిగతా పది లక్షలు ఆయన అవసరాలకి చేతిలో ఉంటాయి.

చెల్లెలికి కూడా బాండ్లు కొనాలనుకుంటున్నారు. వద్దంటాను. ఆమె అమెరికాలో పన్ను కట్టే మనిషి. మన 54ఈసీ మినహాయింపుని ఆ దేశం గుర్తించదు. ఇక్కడ ఏడు లక్షలు మిగిల్చినట్టు కనిపిస్తుంది, అక్కడ ఆ లాభం మీద పూర్తిగా కట్టాల్సి వస్తుంది, పైగా డబ్బు ఐదేళ్లు ఇరుక్కుపోతుంది. ఇక్కడ కట్టిన పన్నుకి అక్కడ క్రెడిట్ అడగడమే ఆమెకి తిన్నని దారి.

ఆమె విషయంలో అంతకంటే పెద్ద తలనొప్పి ఒకటుంది, దాని గురించి మీరు అడగలేదు. అమెరికా దృష్టిలో మీది విదేశీ ట్రస్టు. దాని నుంచి డబ్బు అందుకుంటే ఆమె ఫారం 3520 వేయాలి. వేయకపోతే జరిమానా 10 వేల డాలర్లు లేదా అందుకున్న సొమ్ములో 35 శాతం, ఏది ఎక్కువైతే అది. ఇంకోటి, ఆ ఏడాది లాభాన్ని ఆ ఏడాదే పంచకుండా ట్రస్టులో అట్టిపెట్టి తర్వాత పంపితే, లాంగ్ టర్మ్ లాభం అన్న గుర్తింపు పోయి, మామూలు ఆదాయం రేటుతో, వెనకటి వడ్డీతో సహా పడుతుంది. వాళ్ల సంవత్సరం డిసెంబరు 31తో అయిపోతుంది. మీరు అమ్మింది డిసెంబరు 20న. తర్వాతి సంవత్సరం మొదటి 65 రోజుల్లో, అంటే మార్చి 6 లోపు ఇచ్చినదాన్ని కిందటి ఏడాది ఇచ్చినట్టు ఎంచుకునే వీలుంది. ఈ వారమే ఆమెని అక్కడి సీపీఏ (అమెరికాలో మన చార్టర్డ్ అకౌంటెంట్ లాంటి వ్యక్తి) దగ్గరికి వెళ్లమనండి. విదేశీ ట్రస్టులు చూసిన సీపీఏ కావాలి, జీతాల రిటర్నులు వేసే ఆయన చాలడు. అన్నట్టు అక్కడ కూడా ట్రస్టు నష్టాలు మామూలుగా ట్రస్టులోనే ఉండిపోతాయి, ట్రస్టు మూసేసిన ఏడాది మాత్రమే లబ్ధిదారులకి చేరతాయి. కాబట్టి ఇక్కడి రిటర్నులో ఆమె వాటాకి వచ్చిన 4.5 లక్షల నష్టాన్ని అక్కడ విడిగా చూపించబోవద్దని చెప్పండి. డబ్బు పంపడానికి ఆమె ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో (ప్రవాసులు ఇక్కడి ఆదాయం వేసుకునే బ్యాంకు ఖాతా) వేస్తే ఏడాదికి పది లక్షల డాలర్ల దాకా దారి ఉంది, అది ఇబ్బంది కాదు.

రిటర్ను ఎవరు వేయాలి? రెండు దారులున్నాయి. ట్రస్టీగా మీరే ఇద్దరి వాటాలూ చూపించి కట్టవచ్చు. లేదా 166వ సెక్షన్ ప్రకారం లబ్ధిదారుడి చేతిలోనే నేరుగా పన్ను వేయవచ్చు. ఒకే లాభం మీద ఇద్దరి దగ్గరా వసూలు చేయకూడదు. తమ్ముడి వాటా మీ ద్వారానే నడవనివ్వండి. చెల్లెలి వాటా ఆమె పాన్ మీద ఆమె రిటర్నులో చూపించడం మంచిది, ఎందుకంటే అమెరికాలో క్రెడిట్ అడిగేటప్పుడు తన పేరున కట్టిన చలానా చూపించగలుగుతుంది. చిక్కల్లా టీడీఎస్‌తో (డబ్బు ఇచ్చేటప్పుడే కోసి ప్రభుత్వానికి కట్టే పన్నుతో). కొన్నవాళ్లు కోసిన 1 శాతం, 1,20,000, ట్రస్టు పాన్ మీద పడి ఉంటుంది. అందులో సగం చెల్లెలికి మళ్లించాలంటే రూల్ 37బీఏ కింద మీరు డిక్లరేషన్ ఇచ్చి, కొనుగోలుదారు తన టీడీఎస్ స్టేట్‌మెంట్ సవరించాలి. కొనుగోలుదారు ఫోను ఎత్తే రకమైతే చేయించండి. లేదంటే ఆ లక్షా ఇరవై వేలూ ట్రస్టు రిటర్నులోనే రీఫండు తీసుకుని, మీరు మీరు సర్దుకోండి. చెల్లెలి పన్నుకి మార్చి 15 లోపు అడ్వాన్స్ టాక్స్ కట్టించేస్తే వడ్డీ గొడవ ఉండదు. లాభం మూడో వాయిదా తేదీ డిసెంబరు 15 దాటాక వచ్చింది కాబట్టి అంతకుముందు వాయిదాలకి అడగరు.

కింద ఇంకొందరు అడిగిన వాటికి ఇక్కడే రెండు ముక్కలు.

ట్రస్టు పెట్టిన తండ్రి బతికే ఉంటే, డీడ్ పైన 'రద్దు చేయరానిది' అని అచ్చు వేయించడం సరిపోదు. కొన్నేళ్ల కిందట నా దగ్గరికి ఒక డీడ్ వచ్చింది, మొదటి పేజీలో పెద్దక్షరాలతో రద్దు చేయరానిదని ఉంది. ఆరో పేజీలో, అవసరమైతే సెటిలర్ (ట్రస్టు పెట్టిన వ్యక్తి) తన వైద్య ఖర్చులకి ట్రస్టు ఆస్తి అమ్మి వాడుకోవచ్చని ఒక వాక్యం. ఆ ఒక్క వాక్యంతో 63వ సెక్షన్ ప్రకారం అది రద్దు చేయదగ్గ ట్రస్టు అయిపోయింది, శంషాబాద్ వైపు అమ్మిన పొలం లాభం మొత్తం తండ్రి నెత్తిన పడింది.

మైనరు పిల్లల వాటా తల్లిదండ్రుల్లో ఎక్కువ ఆదాయం ఉన్నవారి ఆదాయంలో కలుస్తుంది, ట్రస్టు ద్వారా వచ్చినా సరే. 80యూ చెప్పే వైకల్యం ఉన్న పిల్లలకి మాత్రం ఈ క్లబ్బింగ్ లేదు.

మేనల్లుడి కోసం ట్రస్టు పెడదామనుకుంటున్న పెద్దాయనకి: కాస్త ఆగండి. మీరు నేరుగా గిఫ్టు డీడ్ రాస్తే మేనల్లుడికి పన్ను లేదు, ఎందుకంటే అతని వైపు నుంచి మీరు తల్లి సోదరులు, బంధువుల జాబితాలో ఉన్నారు. ట్రస్టు విషయంలో చట్టం మీ వైపు నుంచి చూస్తుంది. 'కేవలం ఆ వ్యక్తి బంధువుల కోసం' పెట్టిన ట్రస్టుకే మినహాయింపు. మీ బంధువుల జాబితాలో మేనల్లుడు లేడు! ఆస్తి పెట్టిన రోజే ట్రస్టు మీద పన్ను పడే ప్రమాదం ఉంది.

హైదరాబాద్‌లో ట్రస్టు స్థలాన్ని బిల్డరుకి డెవలప్‌మెంట్‌కి ఇద్దామనుకునేవారు కూడా చూసుకోవాలి. కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చిన ఏడాదిలో పన్ను కట్టే వెసులుబాటు, 45(5ఏ), వ్యక్తులకీ హెచ్‌యూఎఫ్‌లకీ అని రాసి ఉంది. డిస్క్రీషనరీ ట్రస్టు దాని మీద ధీమాగా ఉండకూడదు. ఫ్లాటు ఒక్కటి చేతికి రాకముందే, స్వాధీనం ఇచ్చిన ఏడాదే పన్ను అడిగితే ఎక్కడి నుంచి కడతారో ముందే ఆలోచించుకోవాలి.

సత్రం, కల్యాణమండపం లాంటి చారిటబుల్ ట్రస్టులకి పైన చెప్పినదేదీ వర్తించదు. అక్కడ 11(1ఏ) చూడాలి. ఆస్తి కోటికి అమ్మి, కోటీ మరో ఆస్తిలో పెడితే లాభమంతా ధర్మానికి వాడినట్టే. 20 లక్షల ఖరీదైన ఆస్తి కోటికి అమ్మి 80 లక్షలే పెడితే, 80 లోంచి 20 పోగా 60 లక్షలు వాడినట్టు లెక్క. బ్యాంకులో ఆరు నెలలు, అంతకు మించిన ఫిక్స్‌డ్ డిపాజిట్‌ని కూడా కొత్త ఆస్తిగా ఒప్పుకుంటామని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 1975లోనే చెప్పింది. దేవాదాయ శాఖ పరిధిలో ఉన్న సంస్థ అయితే పన్ను మాట తర్వాత, 1987 నాటి దేవాదాయ చట్టం 80వ సెక్షన్ ప్రకారం కమిషనర్ అనుమతి, వేలంపాట ముందు.

మీ పదకొండో పేరా ఉన్న పేజీ సర్టిఫైడ్ కాపీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీయించి రిటర్ను ఫైల్లో పెట్టండి. చెల్లెలికి కూడా ఒకటి పంపండి, అక్కడి సీపీఏ ఇంగ్లిష్ అనువాదం అడుగుతాడు.